మెంతుల అంబలి

పన్నెండోసారి డంబెల్ పైకెత్తి, నోటితో గాలి వదిలి, మెల్లగా దించాడు ఎల్లస్వామి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదనీ, బిగబడితే గుండె మీద భారం పడుతుందనీ ఫిజియోథెరపీ మేడం చెప్పిన నాటి నుంచి ఆ పద్ధతి తప్పలేదు.

అరవై ఆరేళ్ళ మనిషి. కొత్తగూడెం గనుల్లో ముప్ఫై మూడేళ్ళు టబ్బుల్లో బొగ్గు నింపిన చేతులు. మోచేతుల దగ్గర చర్మం కింద బొగ్గు దిగి, నీలం మచ్చలు అలాగే ఉండిపోయాయి. రిటైరయ్యాక పొట్ట వచ్చింది, షుగర్ వచ్చింది, బీపీ వచ్చింది. క్వార్టర్ల దగ్గరి జిమ్ములో తెల్లవారుజామునే తాళం తీసి, నేల తుడిచి, పోరగాళ్ళు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ప్లేట్లను సర్దడం ఇప్పుడతని పని.

“కండకు పని చెప్తే అదే నెత్తురులోని చక్కెరను గుంజుకుంటుంది. దానికి వయసుతో పనిలేదు. గోలీలు మాత్రం మానొద్దు” అంది మేడం. మొదటి మాటే అతని చెవిలో నిలిచింది. మూడు నెలల్లో రెండువందల నలభై ఉన్న షుగర్ నూటముప్ఫైకి దిగింది. బీపీ కూడా తగ్గింది. వానాకాలంలో గోలీలు మానేశాడు. తర్వాత రెండుసార్లు పరీక్ష చేయించినా నూటముప్ఫై దాటలేదు. ఆ రిపోర్టు చొక్కా జేబులోనే ఉంటుంది. కనిపించిన వాళ్ళందరికీ చూపిస్తాడు.

అది చూసే సీతయ్య కూడా తన షుగర్ గోలీలు మానేశాడు. గనిలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. భార్య పోయాక వెనక లైనులో ఒక్కడే ఉంటున్నాడు. వారం రోజులుగా జిమ్ముకు రావడం లేదు. కాళ్ళు గుంజుతున్నాయన్నాడు. “బద్ధకం జేస్తే కండ కరుగుతది, జూడు” అని మొన్ననే కసిరి వచ్చాడు ఎల్లస్వామి.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికే కరెంటు పోయింది. జిమ్ము మూసి, కాళ్ళు కడుక్కుందామని పెరటి వైపు నుంచి ఇంట్లోకి వచ్చాడు. భార్య బతుకమ్మ వంటింట్లో అతని వైపు వీపు పెట్టి కూర్చుని, తెల్లటి గోలీని గరిటె అడుగుతో నలుపుతోంది. ఆ పొడిని మెంతుల అంబలిలో వేసి కలిపింది.

“ఏందే అది?”

ఉలిక్కిపడింది. కానీ దాచలేదు.

“షుగర్ గోలీ. నువ్వు మానినవ్. నేను మానలే.”

“ఎప్పటి సంది?”

“నువ్వు మానిన నాటి సంది.”

ఎల్లస్వామి గడప మీద కూర్చున్నాడు. నెలల తరబడి రోజూ జిమ్ము నుంచి రాగానే తాగిన అంబలి. చేదుగా ఉందని అతనంటే, మెంతుల చేదు మంచిదేననేది బతుకమ్మ.

“అంటే షుగర్ దిగింది నా చేతుల తోని కాదా? అందరికీ చెప్పుకుంట తిరిగిన గదా!”

“నీ చేతుల తోని సుత దిగి ఉంటది. ఏది ఎంతో నాకేం ఎరుక?”

“నన్ను పిచ్చోణ్ణి జేసినవ్. నాకొక్క మాట చెప్తే ఏంబోయె?”

“చెప్తే తాగుతుంటివా?”

 కట్టుకున్న మనిషి రోజూ ఎదురుగా కూర్చుని, తాగేదాకా చూసి గిన్నె తీసుకుపోయేది. అది ప్రేమ అనుకున్నాడు. కాపలా అని ఇప్పుడు తెలిసింది. జేబులోని రిపోర్టు తీసి ముక్కలు చేశాడు.

“సీతయ్యకు సుత నేనే చెప్పిన” అన్నాడు.

బతుకమ్మ చేతిలో గరిటె ఆగింది. “సీతన్న ఇంట్ల కలిపెటానికి ఎవలున్నరయ్యా?”

చెప్పులు కూడా వేసుకోకుండా లేచి నడిచాడు.

వెనక లైనులో ఆ ఇంటి తలుపు చేరవేసి ఉంది. సీతయ్య గోడకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. పక్కన మూడు నీళ్ళ చెంబులు, మూడూ ఖాళీ. ఎడమ కాలి మడమకు గుడ్డ కట్టు. పుండు సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు. “సీతన్నా” అని పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చారు. “దినాం కసరత్తు జేసెటోడు, గిట్లెట్లయింది?” అంది ఒకావిడ.  బతుకమ్మ వచ్చి పక్కన నిలబడితే, ఎల్లస్వామి జరిగి దూరంగా నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి శవాన్ని బయటికి తీసి, మంచాన్ని గోడకు నిలబెట్టారు. దాని కింద ఐదు లీటర్ల నూనె డబ్బాలు రెండు ఉన్నాయి. డంబెళ్ళలా ఎత్తడానికి మూతిదాకా ఇసుక నింపి, అరచెయ్యి ఒరుసుకోకుండా పిడులకు పాత తువాలు చింపి చుట్టుకున్నాడు సీతయ్య.