పదో కెంపు

“తొమ్మిదే!” అన్నాడు అన్నయ్య, రోడ్డు మధ్య నిలబడి మెడ వెనక్కి విరిచి. “నువ్వు పది చేశావేంటే భూతద్దం?”

మెట్ల పక్క గోడకి వేలాడుతున్న ఫొటో మనిషి కన్నా ఎత్తుంది. చేతి గడియారం వెనక మూత తీస్తే కనపడే యంత్రం. బండి చక్రాలంత పళ్ళ చక్రాలు, వాటి ఇరుసుల దగ్గర నిప్పుకణికల్లా ఎర్రటి కెంపులు. కింద ఒకటే వాక్యం: ‘మీ కంటికి ఆననిది మా కెమెరాకి ఆనుతుంది.’

ఆ కెమెరా చెల్లెలిది. చిన్నప్పుడు నేల మీద బోర్లా పడుకుని చీమల కాళ్ళు లెక్కపెట్టేది కాబట్టి అన్నయ్య ఆమెకి భూతద్దం అని పేరు పెట్టాడు. వీధంతా అదే ఖాయం చేసింది. కింద అన్నయ్య వాచీల రిపేరు కొట్టు, పైన ఆమె స్టూడియో. ఇన్నేళ్ళూ పాస్‌పోర్టు ఫొటోలతో సరిపెట్టుకుంది. ఇక నుంచి నగలు, విత్తనాలు, పురుగులు, ఏదైనా సరే అతి దగ్గర నుంచి తీసే పనే చెయ్యాలని పట్టుదల. తన చెయ్యి ఏపాటిదో వీధికి తెలియాలంటే ఒక్క ఫొటో చాలాలి. ఆ ఒక్కటీ ఇదే.

దానికోసం రోజంతా ఊపిరి బిగపట్టింది. లెన్సు అంత దగ్గరికి వెళ్తే దారప్పోగంత మేరే స్పష్టంగా పడుతుంది. కెమెరాని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ అరవై నాలుగు ఫొటోలు తీసి, అన్నింటినీ కలిపి ఒక్కటి చెయ్యాలి. ఫ్యాను ఆపింది. వీధిలో లారీ వెళ్తే పని మళ్ళీ మొదటికొచ్చేది. కింద అన్నయ్య తుమ్మినా పైనుంచి తిట్లే.

“ఫొటో బాగుందని ఒక్క ముక్క అనవచ్చుగా,” అంది.

“బాగుందే తల్లీ. కానీ ఈ వాచీకి వెనక వైపు కనపడేవి తొమ్మిది కెంపులు. కెంపనేది ఇరుసు అరక్కుండా, అది ఆనే చోట పెడతారు. నీ పదోది చూడు, బ్యాలెన్సు చక్రం చువ్వ మీదుంది. తిరిగే చువ్వ మీద కెంపు పెడితే వాచీ నడిచినట్టే!”

భూతద్దం మొహం మాడింది. ఫొటో అందమంతా ఆ పదోదే. మామూలు కంటికి నల్ల నలుసు. పక్క నుంచి సన్నటి లైటు వేస్తే ఎర్రగా వెలిగింది. చూసి మురిసిపోయి, దుమ్మంతా ఊది దాన్ని మాత్రం వదిలేసింది.

“తుప్పేమో.”

“నేనూ అదే అనుకున్నా. లోపలికి రా, చూపిస్తా.”

కొట్టులో బల్ల మీద గాజు మూత కింద ఆ బ్యాలెన్సు చక్రం ఉంది, గోటి కన్నా చిన్నది. అన్నయ్య గొంతు తగ్గించాడు. “పెట్రోల్లో రెండు సార్లు కడిగాను. నూనె మరకైతే కరగాలి. కరగలేదు. తుప్పైతే గీరితే పొడి రాలాలి. రాలలేదు. చివరికి కాగితానికి ఉమ్ము తడి చేసి అద్దాను.”

అన్నయ్య మెత్తటి కాగితం మడత విప్పాడు. మధ్యలో ఎర్రటి చుక్క.

“నెత్తురే అది.”

ఆ వాచీ ఎదురు కొట్టు టైలర్ బాబాయి బామ్మర్దిది. పెళ్ళికి బాబాయే పెట్టాడు. బండి మీంచి పడితే మూత ఊడి ఆగిపోయిందని, వాళ్ళక్క ‘వాచీ ఏదిరా’ అని అడుగుతోందని వారం కింద తెచ్చిచ్చాడు. దానికి అయిదు రోజుల ముందే బాబాయిని ఆయన కత్తెరతోనే ఎవరో మెడలో పొడిచి చంపారు. దొంగల పని అన్నారు. శవం మీద పడి అందరికన్నా గట్టిగా ఏడ్చింది బామ్మర్దే.

“బండి మీంచి పడ్డానన్న మావయ్య ఒంటి మీద గీత కూడా లేదే, మరి మూత లోపలికి నెత్తురెలా...” అంది.

వెనక షట్టరు గరగరా కిందికి దిగింది.

“వాచీ అయిందేమో కనుక్కుందామని వచ్చాను అల్లుడూ,” అన్నాడు బామ్మర్ది. షట్టరుకి లోపల గొళ్ళెం పెట్టాడు. “బయట నా వాచీని ఏనుగంత చేసి వేలాడదీశారు. చూసి గుండె ఆగినంత పనైంది.”

“మావయ్యా, మేం...” అంది భూతద్దం.

మాట పూర్తి కాలేదు. మోకాలితో పొడిచి ఆమెని గోడవారకి నెట్టాడు. తల వెనక అద్దాల బీరువా పగిలింది. మెడ మీదుగా వెచ్చగా ఏదో జారింది. లేచేలోపు అతను అన్నయ్య జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి రెండు సార్లు మోదాడు. ముక్కెముక విరిగిన చప్పుడు చిన్నగానే వినిపించింది, ఎండు పుల్ల విరిచినట్టు.

“ఆ కాగితం ఇవ్వు.”

అన్నయ్య కుడి పిడికిలి బిగించాడు. బామ్మర్ది బల్ల మీది సుత్తి అందుకున్నాడు.

“ఇవ్వు.”

“నీకు బట్టలు కుట్టి, పెళ్ళి చేసి, తిండి పెట్టిన బాబాయినిరా...” అన్నాడు అన్నయ్య.

సుత్తి పడింది. అన్నయ్య అరిచిన అరుపుకి గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారి ఆగాయేమో అనిపించింది ఆమెకి. వెంట్రుకవాసి చక్రాలు పట్టుకునే చెయ్యి అది. రెండో దెబ్బకి చూపుడువేలు పక్కకి తిరిగిపోయింది. పిడికిలి మాత్రం విడలేదు.

“కొట్టును నా పేర రాయమన్నాను. ఒక్క సంతకం! బావ నవ్వాడు. నీకు సూదిలో దారం ఎక్కించడం రాదు, కొట్టెందుకురా అన్నాడు!” మూడో దెబ్బ.

భూతద్దం పాకుతూ వెళ్ళి మూలనున్న పాత గోడ గడియారం గొలుసు పట్టి లాగింది. ఇత్తడి గుండు ఊడి చేతికొచ్చింది, గొలుసుతో సహా. గిర్రున తిప్పి మోకాలి చిప్ప మీద కొట్టింది. అతను కూలబడ్డాడు. సుత్తి ఆమె వైపు విసిరాడు. భుజానికి తగిలి ఆ చెయ్యి వేలాడిపోయింది. రెండో చేత్తో మళ్ళీ తిప్పింది. ఈసారి దవడ. పళ్ళు రెండు నేల మీద దొర్లాయి.

అప్పుడతను చేసిన పని ఆమె ఊహించలేదు. బల్ల అంచు పట్టుకు లేచి, గాజు మూత తన్నేసి, చక్రాన్ని నోట్లో వేసుకున్నాడు. నెత్తురుతో కలిపి గుటక వేశాడు.

“ఇంకేముంది ఇప్పుడు?” అని నవ్వాడు, ఎర్రటి నోటితో. “ఏదీ, చూపించు!”

అన్నయ్య ఎడం చేత్తో పట్టకారు తీసి అతని తొడలో సగం దాకా దింపాడు. అతను బోర్లా పడ్డాడు. భూతద్దం ఒంటి చేత్తోనే గొలుసుని అతని మెడకి చుట్టి, వీపు మీద మోకాలు పెట్టి లాగింది. అతను తన్నుకుంటుంటే ఇంకా లాగింది. బయట జనం షట్టరు బాదుతున్నారు.

“చాల్లే,” అన్నాడు అన్నయ్య. “చచ్చిపోతాడే. చాల్లే తల్లీ!”

వదిలింది. వదలాలని లేదు. అన్నయ్య అన్నాడు కాబట్టి వదిలింది.

ఆసుపత్రిలో డాక్టరు అన్నయ్య పిడికిలిని ఒక్కొక్క వేలే తెరిచాడు. లోపల కాగితం ఉంది. దానినిండా అన్నయ్య నెత్తురే. బాబాయి చుక్క అందులో ఎక్కడ కలిసిందో ఎవరూ చెప్పలేకపోయారు.

“ఇందుకా ఈ చెయ్యి పోగొట్టుకున్నాను?” అని అన్నయ్య గోడకేసి తిరిగిపోయాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఇంకో పని చేశాడు. బామ్మర్ది కడుపు ఎక్స్‌రే తీయించాడు. నల్లటి ఫిల్ము మీద తెల్లగా, స్పష్టంగా గుండ్రటి చక్రం. స్టేషన్లో ఒక గోడకి భూతద్దం తీసిన ఫొటో కాపీ, దాని పక్కనే ఎక్స్‌రే అంటించి, కట్లు కట్టిన బామ్మర్దిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఇక్కడ చువ్వ మీద మచ్చ ఉంది. ఆ చక్రం ఇక్కడ నీ కడుపులో ఉంది. తుప్పు పట్టిన చక్రాన్ని మనిషనేవాడు ఎందుకు మింగుతాడోయ్?”

గంట సేపు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాడు బామ్మర్ది. ఆ తర్వాత నోరు విప్పాడు.

నెల తిరక్కుండానే భూతద్దానికి పిలుపులు మొదలయ్యాయి. ఫొటో పని చేసింది. ఒకాయన ఆ ఎర్రటి రాయిలాంటిదే తన నగల ఫొటోలోనూ కావాలన్నాడు. జవాబివ్వకుండా ఫోను పెట్టేసి, మెట్ల పక్క గోడ మీది ఫొటో దించడానికి నిచ్చెన వేసింది.

“ఆగమ్మా.”

కింద టైలరు పిన్ని నిలబడి ఉంది. తమ్ముడు జైల్లో, మొగుడు మట్టిలో. కళ్ళజోడు పైకి తోసుకుని ఆ చక్రాలన్నీ వెతుకుతోంది.

“ఇందులో మీ బాబాయి ఎక్కడున్నాడమ్మా?”

భూతద్దం నిచ్చెన దిగింది. పిన్నిని మెట్లెక్కించి, ఆమె చూపుడువేలు పట్టుకుని పదో కెంపు మీద ఆనించింది.