కన్ను గీటే కుందేలు

పిల్లల పుట్టినరోజులకు పుల్లమిఠాయిలు చేయడం నా పని. తెల్ల చాక్లెట్ కరిగించి కుందేలు అచ్చుల్లో పోస్తాను. గట్టిపడ్డాక నల్ల చాక్లెట్‌తో కళ్లకు రెండు చుక్కలు పెట్టి, పుల్లకు రిబ్బను కడతాను. పిల్లలు వాటికోసం ఎగబడతారట. నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలో పెట్టె ఇచ్చి వచ్చేయడమే.

ఈసారి ఆర్డరు తెచ్చింది కేకుల షాపావిడ. "మీ చెల్లెలి మనవరాలికేనండీ. మీరే చేస్తారని చెప్పాను. సరే అన్నారు."

సరే అందట! అమ్మ పోయినప్పటి నుంచి నా మొహం చూడనిది సరే అంది. అమ్మకు చివరి రోజుల్లో ఎవరు ఎక్కువ చేశారన్న దగ్గర మాటా మాటా పెరిగింది. తప్పు ఇద్దరిదీ అంటారు నలుగురూ. నలుగురికేం, నోరుంది, అంటారు. తప్పు దానిదే. అయినా అచ్చులు కడుగుతున్నంతసేపూ ఒక్కటే ఆలోచన: లోపలికి రమ్మంటుందా?

అమ్మ కూడా మిఠాయిలే చేసేది. చిన్నప్పుడు అమ్మ అటు తిరగగానే నేనో బిళ్ల కొట్టేసి చెల్లికి కన్ను గీటేదాన్ని. పిలవక్కర్లేదు. పిల్లిలా వెనక గుమ్మం దగ్గరికి వచ్చేసేది. అక్కడ కూర్చుని చెరిసగం తినేవాళ్లం.

నోరు తెరిచి బతిమాలడం నా వల్ల కాదు. అందుకని ఒక కుందేలుకు మాత్రం ఒక కంటికి చుక్క బదులు చిన్న గీత గీశాను. కన్ను గీటుతున్నట్టే వచ్చింది. దాన్ని పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాను.

మంచి బట్టలు కట్టుకుని వెళ్లాను, సిగ్గులేకుండా. తలుపు చెల్లెలే తీసింది. జుట్టు బాగా నెరిసింది. లోపల బెలూన్లు, పిల్లల గోల. పెట్టె మూత తీసి ఆ కుందేలును చూసింది.

"దీని కన్ను పాడైనట్టుంది" అంది.

"పాడవలేదు" అన్నాను.

తలెత్తి నన్ను చూసింది. దానికి గుర్తొచ్చింది. ఆ మొహం నాకు తెలియదూ?

"ఎవరమ్మా?" లోపలి నుంచి దాని కూతురు అడిగింది.

చెల్లి ఒకసారి వెనక్కి తిరిగి లోపలికి చూసింది. తర్వాత, "మిఠాయిలు చేసే ఆవిడలే" అంది. ఆ కుందేలును తీసి నా చేతిలో పెట్టి, మెల్లగా తలుపు వేసింది.

దారంతా దాన్ని పట్టుకునే నడిచాను. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, కానీ ఏడుపే ముందొచ్చింది.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని, అలవాటు కొద్దీ కుందేలును సగానికి విరిచాను. నా సగం తిన్నాను.

రెండో సగం ప్లేటులోనే ఉంది. చీమలు పట్టకుండా మూత పెట్టాను.