ముప్పై స్పీడు

నేను అన్నయ్య కారుకి బాల్ జాయింట్లు మారుస్తున్నది ప్రేమతో కాదు, పంతంతో. పదకొండేళ్ల కిందట అమ్మ ఆసుపత్రిలో కొనఊపిరితో ఉన్న రోజు, జోరువానలో, నాన్న కొన్న ఈ పాత కారుని ముప్పై స్పీడు దాటించలేదు మహానుభావుడు. పక్కన కూర్చుని నేను మొత్తుకుంటుంటే "పోతున్నాగా చెల్లీ" అన్నాడు. మేం చేరేసరికి అమ్మ పోయి ఇరవై నిమిషాలైంది. చివరి చూపు దక్కలేదు. "నీవల్లే" అని అందరి ముందూ అన్నాను. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మూడు నెలల కిందట అన్నయ్య కూడా పోయాడు. వదిన షెడ్డు తాళం నా చేతిలో పెట్టింది.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చి కారు లోపల పెట్టి తలుపేశారు మీ అన్నయ్య. మళ్లీ తియ్యలేదు, కడగనూ లేదు. బస్సులు బాగుచేసేదానివి, దీన్నేం చేస్తావో నీ ఇష్టం" అని తను కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఏం చెయ్యాలో నాకు అప్పుడే తెలుసు. బాగు చేసి, ఇదే ఇంటి నుంచి అదే ఆసుపత్రికి ఎనభైలో తోలి గడియారం చూసుకోవాలి. అమ్మ ప్రాణంతో ఉండగానే చేరేవాళ్లమని తేలాలి. ఎవరికి చూపిస్తావంటే, నాకే.

నాలుగు ఆదివారాలు ఇంజనుకే పోయాయి. ఇవాళ ముందు చక్రాల వంతు. బాల్ జాయింటంటే గిన్నెలో తిరిగే ఇనుప గుండు. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది అదే. అది ఊడిందా, చక్రం ఒరిగి బండి ముక్కు నేలకి తగులుతుంది.

ముందు, ఆ రోజు నేను కూర్చున్న వైపు విప్పాను. స్ప్రింగు ఎగిరి మీద పడకుండా కింద జాకీ ఆనించి, నట్టు సగం వదులు చేసి సుత్తి అందుకున్నాను. డిపోలో నన్ను సుత్తక్క అంటారు, సగం నా సుత్తిని చూసి, సగం నా నోటిని చూసి. ఐదు దెబ్బలకి వదిలింది. మట్టి గీకితే రివెట్లు లేవు, బోల్టులున్నాయి. కంపెనీవాళ్లు బిగించినవి రివెట్లు. బోల్టులున్నాయంటే ఎవరో మార్చారన్నమాట. గుండు బిగువుగా, కొత్తదానిలాగే ఉంది.

అన్నయ్య కూర్చుని తోలిన వైపు రివెట్లే ఉన్నాయి. సుత్తి అక్కర్లేకుండానే జాయింటు చేతిలోకి వచ్చింది. ఊపితే డబ్బాలో గోలీలా లొడలొడలాడింది.

రెండు జాయింట్లూ లైటు కిందికి తెచ్చాను. రెండు వైపులా ఆ రోజు వానలో పట్టిన ఎర్రమట్టే, ఆ కొత్త బోల్టుల మీద కూడా. అంటే ఆసుపత్రికి బయల్దేరే ముందే మార్చాడు. అప్పట్లో ఈ కారు సామాను దొరకడమే గగనం. ఒక్కటే దొరికి ఉంటుంది. దాన్ని పక్కన కూర్చునేవాళ్ల వైపు వేసి, అరిగింది తన వైపు ఉంచుకున్నాడు. ముప్పై దాటితే ఏమయ్యేదో నాకొకరు చెప్పాలా? అన్నయ్య ఆ రోజే చెప్పి ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు, చక్రం ఊడినా సరేనని స్టీరింగు లాక్కుని నేనే తోలేదాన్ని. అది అతనికి తెలుసు. తర్వాతైనా చెప్పేవాడేమో, నేను ఫోనెత్తితే కదా.

రెండు వైపులా కొత్తవి బిగించి, పిన్నులు తొడిగి, చక్రాలు ఎక్కించాను. ఇక గడియారంతో పని లేదు. మిగిలింది జాయింట్లలో ఆట, అంటే వదులు, ఉందో లేదో చూడడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు చక్రం పట్టుకుని ఊపాలి, ఒకరు కింద పడుకుని చూడాలి. చిన్నప్పుడు ఈ షెడ్డులోనే అతను కింద నుంచి "ఊపు చెల్లీ" అనేవాడు. నేను రెండు చేతులతో ఊపేదాన్ని.

లైటు పట్టుకుని కారు కిందికి దూరాను. జాయింటు మీద కళ్లు పెట్టాను.

"ఊపు అన్నయ్యా" అన్నాను.

పదకొండేళ్ల తర్వాత అతనితో నేనన్న మొదటి మాట అది.