మిగిలిన చార్జింగ్ ఎవరికి

చెల్లెలి మొగుడికి అక్క పెట్టిన పేరు మసకరాయుడు. పేరుకు తగ్గ మనిషే. పెళ్ళాం చేతిలో ఫోన్ కనిపిస్తే చాలు, తీసుకుని తెర వెలుగు తగ్గించేస్తాడు. లొకేషన్ ఆపేస్తాడు. తెర మీద ఉన్న పువ్వుల బొమ్మ తీసేసి కాటుక లాంటి నలుపు పెడతాడు. ఫోన్ ఎండలో ఉండకూడదు, దిండు కింద ఉండకూడదు, బ్యాటరీ పూర్తిగా నిండకూడదు, పూర్తిగా ఎండకూడదు. ఒకసారి వైబ్రేషన్ కూడా తీసేశాడు గానీ ఆ పూట ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. పుట్టు చెవుడున్న మనిషికి ఫోన్ వచ్చిందని తెలిసేది ఆ వణుకుతోనే మరి.

తనకు మాత్రం బటన్ ఫోను. ఒక్కసారి చార్జింగ్ పెడితే వారం వస్తుందని, అదేదో తన కడుపున పుట్టినట్టు నలుగురికీ చెప్పుకుంటాడు. బస్సు డ్రైవరు. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేసే రకం. మనిషి మంచివాడే, కాదనడానికి లేదు. పెళ్ళయిన కొత్తలో చేతుల భాష నేర్పమని వదినగారి వెంట పడ్డాడు కూడా. అక్కే సాగనివ్వలేదు. "తిన్నావా, పడుకో, రేపు బస్సు లేదు" లాంటివి నేర్పి, "ఇంతకంటే నీకెందుకయ్యా, నేనున్నాగా" అంది. చెల్లెలి అత్తగారు అడిగితే ఆవిడకూ అదే జవాబు. అక్క మనసులో మాట ఏమిటంటే, ఆ భాష వాళ్ళిద్దరిదీ. అమ్మ కుట్టుమిషన్ తొక్కుతుంటే బట్ట కత్తిరించే బల్ల కింద కూర్చుని, వాళ్ళిద్దరే చేసుకున్నది. బడిలో నేర్పేది కాదు. దాన్ని పదిమందికీ పంచితే ఇక తనకేం మిగులుతుందని ఆమె భయం. పైకి అనలేదు గానీ భయమే.

అమ్మ పోయాక ఆ మిషన్ అక్కకు వచ్చింది. అక్క జాకెట్లు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషన్ ముందు గోడకు ఫోన్ ఆనించి, పొద్దున్నే చెల్లెలికి వీడియో కాల్ చేస్తుంది. మాటలుంటే మాటలు. లేకపోతే ఈమె కుట్టు ఈమెది, ఆమె వంట ఆమెది. తల ఎత్తితే అవతలి మనిషి కనిపించాలి, అంతే. అలా గంటల తరబడి. చెల్లెలి ఫోన్ బ్యాటరీ ముసలిదైపోయిందంటే ఆ పాపం ఈ అక్కాచెల్లెళ్ళదే. చార్జింగ్ పిన్ను పెట్టే చోటు కూడా వదులైపోయింది. వైరు గుచ్చి, ఒక పక్కకు వంచి, దాని మీద ఏదైనా బరువు పెడితేనే ఎక్కుతుంది.

"కొత్త బ్యాటరీ వేయిద్దాం, ఆ పిన్ను కూడా బాగుచేయిద్దాం" అని మసకరాయుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. కానీ దుకాణంలో ఒక పూట ఫోన్ వదిలి రావాలన్నారు. ఆ పూట వదలడానికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. రేపు, ఎల్లుండి, కాన్పయ్యాక అంటూ జరిపారు. ఒక పూట మాట్లాడుకోకపోతే కొంప మునుగుతుందా అంటే, వాళ్ళకు మునుగుతుంది.

కాన్పుకు అక్క పక్కనుండాలనేది ఎప్పుడో అనుకున్న మాట. డాక్టరమ్మ కూడా సరేనంది. కాన్పు గదిలో అందరూ ముఖాలకు మాస్కులు కట్టుకుంటారు, పెదవులు చూసి తెలుసుకుందామన్నా కుదరదు. నొప్పుల మధ్య కాగితం మీద రాసింది చదివే ఓపిక ఎవరికుంటుంది? అక్క ఉంటే డాక్టరమ్మ మాట చేతుల్లోకి, చెల్లెలి మాట నోట్లోకి మారుస్తుంది. అనుకున్నవన్నీ జరిగితే ఇంకేం. అక్క అటక మీది బట్టల మూట దించబోయి స్టూలు మీంచి పడింది. కాలికి తొడ దాకా సిమెంటు పట్టీ. ఉండేది లిఫ్టు లేని మేడ మీద, పై అంతస్తులో. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, చెప్పిన తేదీ ఇంకా దూరముండగానే చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి.

అప్పటికి తెల్లారుతోంది. భయమేసినప్పుడు వాళ్ళిద్దరూ ఎప్పుడూ చేసే పనే అప్పుడూ చేశారు. వీడియో పెట్టుకుని ఒకరినొకరు చూస్తూ కూర్చున్నారు. చెల్లెలు గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే అక్క చూసింది. ఆటోలో వెళ్తుంటే చూసింది. ఆసుపత్రిలో పేరు రాయించుకుంటుంటే చూసింది. చెప్పుకున్నది పెద్దగా ఏమీ లేదు. ఆ ధ్యాసలో చార్జింగ్ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టింది మసకరాయుడికి. మధ్యాహ్నం కాన్పు గది బయట నిలబడి, తన బటన్ ఫోన్ నుంచి పక్కింటి పిన్నిగారి నంబరుకు చేశాడు. అక్క ఫోన్ చెల్లెలితో వీడియోలోనే ఉంది కదా. పిన్నిగారు ఫోన్ తెచ్చి అక్క చెవి దగ్గర పెట్టింది.

"వదినా, లోపలికి తీసుకెళ్ళారు. నన్ను రానివ్వలేదు. ఫోన్ మటుకు డాక్టరమ్మ ఒప్పుకుంది, నర్సమ్మ పట్టుకుంటానంది. కానీ వదినా, చార్జింగ్ చివరికొచ్చేసింది. ఎర్రగీత!"

"అక్కడ ప్లగ్గు లేదా?"

"ఉంది. వైరు పెట్టి చూశారు. మన పిన్ను సంగతి తెలుసుగా, మంచం కదిలితే ఊడిపోతోంది. నర్సులు వాళ్ళ ఫోన్లు లోపలికి తెచ్చుకోకూడదట, బయటే పెట్టేస్తారట. నేను చూస్తే ఈ డొక్కు ఫోను. కొత్తది కొనమని అది ఎన్నిసార్లు చెప్పిందో..." అతను ముక్కు ఎగబీల్చాడు.

అక్కకు అతని మీద జాలేసింది. ఎగతాళి చేసినన్నాళ్ళూ చేసింది, ఇప్పుడు ఆ మనిషి పొదుపే దిక్కు.

"ఏడవకు. ఏం చెయ్యాలో చెప్పు. నీకు తెలిసినవన్నీ చెప్పు."

"వెలుగు పూర్తిగా తగ్గించమని నర్సమ్మకు చెప్పాను. శబ్దం ఆపేస్తే నర్సమ్మకు మీ మాట వినపడదు, అది ఉంచాలి. మిగతావన్నీ ఆపించాను. ఇంకోటి, ఆ ఫోన్లో నలుపెంత ఎక్కువ కనిపిస్తే అంత తక్కువ తింటుంది."

"వెలుగు తగ్గిస్తే నా చేతులు దానికి ఎలా కనపడతాయి!"

అన్నదే గానీ అక్క చెయ్యి అప్పటికే పక్కనున్న నల్ల లైనింగు గుడ్డ మీద పడింది. దర్జీ ఇంట్లో గుడ్డకేం కరువు? పిన్నిగారి చేత వెనక గోడకు దాన్ని పిన్నులతో కట్టించింది. ఇంకో ముక్క మెడ నుంచి నడుం దాకా కప్పుకుంది. కిటికీ మూయించి, మిషన్ దీపం తిప్పి వెలుగంతా తన చేతుల మీద, ముఖం మీద పడేలా పెట్టింది. అవతల మసక తెర మీద ఇక నల్లటి చీకట్లో రెండు చేతులు, ఒక ముఖం మాత్రమే.

చెల్లెలికి కనిపించాయి. చెమటతో తడిసిన ముఖం తెర దగ్గరికి తెచ్చి, నొప్పి వెన్నులోంచి వస్తోందని చెప్పింది. బిడ్డకేమైనా అవుతుందా అని అడిగింది. అక్క నర్సమ్మను అడిగి, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పింది. చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. వెంటనే ఇంకో నొప్పి వచ్చింది.

"ఎంతసేపు పడుతుంది నర్సమ్మగారూ?" అక్క అడిగింది.

"తొలి కాన్పు కదమ్మా. సాయంత్రం అవ్వొచ్చు, దాటొచ్చు. అసలు పని ఇంకా మొదలవ్వలేదు."

సాయంత్రం దాకా ఈ ఫోన్ ఉండదు. ఎంత మసక చేసినా, ఎంత నలుపు చూపించినా, గుక్కెడు నీళ్ళను గొంతులో ఎంతసేపని దాచుకుంటాం? అసలు సమయానికి, తొయ్యమన్నప్పుడు, ఆగమన్నప్పుడు, చుట్టూ ముక్కూ నోరూ కనపడని మనుషుల మధ్య చెల్లెలు ఒంటరిగా ఉంటుంది. ఎవరేం అడుగుతున్నారో తెలియదు. తను అడిగేది ఎవరికీ తెలియదు.

అక్క చెల్లెలి ముఖం చూసింది. మిగిలిన ఈ కాస్తా ఇలా చూస్తూ గడిపేయొచ్చు. చెల్లెలికి కావలసిందీ అదే. తనకు కావలసిందీ అదే.

"నర్సమ్మగారూ, ఫోన్ మీ వైపు తిప్పుకోండి" అంది అక్క. "దానికి చూపించకండి. నేను మీకు నేర్పుతాను, మీరు దానికి చెప్పాలి."

"నాకా? నాకేమొస్తుందమ్మా!"

"వస్తుంది. నాలుగు ముక్కలు చాలు. తిప్పండి."

తెర తిరుగుతుంటే చెల్లెలి చెయ్యి ఫోన్ కోసం రావడం అక్కకు కనిపించింది. ఎందుకు తీసేస్తున్నారో ఆ పిల్లకు తెలియదు. అక్క తనతో మాట్లాడడం మానేసి ఎవరో పరాయి మనిషితో మాట్లాడుతోంది, అంతవరకే తెలుసు. తెర అంచులో ఆ వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, ఇవ్వు, ఇవ్వు అని.

"అడుగుతోందమ్మా పాపం, ఒక్కసారి ఇవ్వనా?"

"ఇవ్వకండి." అక్క ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పుకుంది. "ముందు ఇది చూడండి. తొయ్యి అనాలంటే, ఇస్త్రీపెట్టె నొక్కినట్టు రెండు పిడికిళ్ళూ కిందికి. గట్టిగా. ఆ, అలా. ఆగమనాలంటే అరచెయ్యి గుండె మీద పెట్టుకోండి."

నర్సమ్మ ఫోన్‌ను ఏదో డబ్బాకు ఆనించి రెండు చేతులతోనూ చేసింది. లావుపాటి మనిషి, మాస్కు పైన కళ్ళు చిన్నవి. తప్పు చేస్తే తనే తల అడ్డంగా ఊపుకుని మళ్ళీ చేసింది.

"ఊపిరి వదలమంటే, ముక్కు దగ్గర్నుంచి ఆవిరి పోయినట్టు చెయ్యి ఆడించండి. నొప్పి ఎక్కడని అడగాలంటే సూది గుచ్చినట్టు చేసి కనుబొమ్మలు ఎత్తండి. కనుబొమ్మలు ఎత్తకపోతే అది అడిగినట్టు కాదు, చెప్పినట్టు."

"బాగుంది అనాలంటే?"

"గుడ్డ నిమిరినట్టు."

"ఇంకొంచెమే, అయిపోవచ్చింది అనాలంటే? అది మాకు బాగా కావాలమ్మా."

అక్క పళ్ళతో దారం కొరికినట్టు చేసింది. కుట్టు పూర్తయితే అమ్మ అలాగే చేసేది. నర్సమ్మ మాస్కు మీదే కొరికి చూపించింది. అంత దిగుల్లోనూ అక్కకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా దాచుకున్న భాష, పేరైనా తెలియని మనిషి చేతుల్లోకి ఇంత తేలిగ్గా వెళ్ళిపోయింది. ఇందుకేనా తను ఇన్నాళ్ళూ బీరువాకు తాళం వేసుకు కూర్చుంది! మసకరాయుడికి అడిగినప్పుడే నేర్పి ఉంటే, చెల్లెలి అత్తగారికి నేర్పి ఉంటే, ఈ పాటికి ఆ గదిలో దాని మాట తెలిసిన మనిషి ఒకరుండేవారు కదా. సిగ్గేసింది ఆమెకు.

"ఇప్పుడు దాని దగ్గరికెళ్ళి ఒకటి చేసి చూపించండి, దానికి తెలుస్తోందో లేదో..."

తెర ఆరిపోయింది.

అక్క నల్లగుడ్డ కప్పుకునే కూర్చుంది. పిన్నిగారు కిటికీ తీసింది, మంచినీళ్ళు తెచ్చింది, ఏమీ కాదులే అంది. మళ్ళీ చేసి చూస్తే ఫోన్ కలవలేదు. ఫోన్ ఆరేముందు ఒక్కసారి దానికి ముఖం చూపించి ఉండాల్సింది అన్న ఆలోచన అక్కను కోసేసింది. చేతికి పని కావాలని ఒక గౌను అంచు కుట్టబోయింది. వంకరపోతే ఊడదీసింది.

పొద్దు వాలుతుంటే పిన్నిగారి ఫోన్ మోగింది.

"వదినా!" మసకరాయుడు అరుస్తున్నాడు. "పాప! ఇద్దరూ బాగున్నారు. నన్ను లోపలికి రానిచ్చారు. ఇదిగో, నర్సమ్మ మాట్లాడతారట."

అక్క కళ్ళు తుడుచుకునే లోపే నర్సమ్మ గొంతు వచ్చింది. "మొదట నా వంక చూడనే లేదమ్మా. కోపం. నొప్పి రాగానే పిడికిళ్ళు నొక్కి చూపించా, అలా చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత నేనెలా చెబితే అలా చేసింది. దారం కొరికి కొరికి నా దవడ నొప్పెట్టిందనుకో. డాక్టరమ్మ కూడా కొరికింది."

"మీ రుణం..."

"అవన్నీ ఎందుకు గానీ, ఒకటి మటుకు నువ్వు నేర్పలేదు. భుజం పక్కన పిడికిలి బిగించి కిందికి లాగుతుంది, ఏదో తాడు లాగినట్టు. నొప్పి ఎక్కువైనప్పుడల్లా అదే. తలుపు వైపు చూడ్డం, లాగడం. నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా, పాపను పక్కన పెట్టుకుని, అదే అడుగుతోంది. ఏంటది?"

అక్క చెయ్యి తన భుజం మీదికి పోయింది.

"జడ" అంది. "దానికి బండ్ల చప్పుడు వినపడదు కదా. చిన్నప్పుడు నా జడ పట్టుకుని రోడ్డు దాటేది. అది నేనండీ. అక్క అని."

"అయ్యో, అది చెప్పొద్దూ ముందు?" అంది నర్సమ్మ.

"తోచలేదు. దాంతో మీకేం పని ఉంటుందిలే అనుకున్నా." అక్క గొంతు సవరించుకుంది. "ఇప్పుడు మీరు అలా చేసి, ఫోన్ చూపించండి. నేనిక్కడ ఉన్నానని తెలుస్తుంది. తర్వాత ఫోన్‌ను దాని చెవి దగ్గర కాదు, నోటి దగ్గర పెట్టండి."

అటూ ఇటూ అడుగుల చప్పుడు. ఏదో గిన్నె పక్కకు జరిగింది. అంతలో ఫోన్లో ఊపిరి, బాగా దగ్గరగా. ఆ వెంటనే ఒక గొంతు, మాట కాదు, పొడుగ్గా, వంకరగా, ఏడుపులోంచి నవ్వులోకి పోతూ. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మాట్లాడుకోవడం అదే మొదలు. అక్క ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుని, అవతలి మనిషికి వినపడదని తెలిసి కూడా, "ఆఁ, ఉన్నానే, ఇక్కడే ఉన్నా" అని గట్టిగా అంటూనే ఉంది.