మిషనమ్మ గుమ్మంలో సహాయ కేంద్రం

మహమ్మారి రోజుల్లో కరెంటు బిల్లులు కట్టలేని వాళ్ళను ఆదుకోవాలని పురపాలక సంఘానికి బుద్ధి పుట్టింది. జనం ఒక గదిలో గుమిగూడకూడదు కాబట్టి సహాయ కేంద్రాన్ని వీధిలోకే తెచ్చారు. వీధి చివర మిషనమ్మ ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా ఉంటే, బల్లా కుర్చీ అక్కడ వేశారు.

మిషనమ్మ అంటే బట్టలు కుట్టే ఆవిడ. గడప దాటని జనానికి కొత్త బట్టలెందుకు? ఆవిడ కుట్టు మిషను మూలన పడింది. ఇప్పుడా ఇంట్లో ఆడుతున్న మిషను ఒక్కటే, మంచం పక్కన మామగారికి ఊపిరి అందించేది. అది కరెంటు మీద నడుస్తుంది, ఆ కరెంటుకు బిల్లు కట్టి నెలలైంది. అది ఆగితే ఏమవుతుందో తలచుకోవడానికే ఆవిడకు భయం. అందుకే సాయం నడిచొచ్చి గుమ్మంలో నిలబడితే ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు.

“అమ్మా, ఒక్క ప్లగ్గు ఇస్తారా?” అన్నాడు గుమాస్తా.

“అయ్యో, దానికేం భాగ్యం సార్!”

ఆ ఒక్క ప్లగ్గుకే కంప్యూటరు, ప్రింటరు, ఫ్యాను తగిలించారు. “విద్యుత్తును పొదుపుగా వాడండి” అని పొద్దస్తమానం అరిచే మైకునూ తగిలించారు. పొదుపు గురించి చెప్పడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో లోపల గిర్రున తిరిగే మీటరుకే తెలియాలి.

బల్ల తన గుమ్మంలోనే ఉన్నా, వరుస మొదలయ్యేది వీధి అవతలి చివర. మిషనమ్మ బుద్ధిగా అక్కడిదాకా వెళ్ళి నిలబడింది. తీరా ఆవిడ వంతు వచ్చేసరికి గుమాస్తా కంప్యూటరు చూసి నొచ్చుకున్నాడు. మనిషి మంచివాడే. రూలు తప్పడు, అదొక్కటే జబ్బు.

“మీకు సాయం రాదమ్మా. వాడకం హద్దు దాటింది. ఇంత కరెంటు ఏం చేశారు?”

“మీరే కదా సార్ వాడింది!”

గుమాస్తా లేచి, ప్రింటరు వైరు వెంబడే కిటికీ దాకా వెళ్ళి, లోపలి మీటరు చూసి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. “నిజమే. అయితే ఈ బిల్లు సాయానికి దరఖాస్తు పెట్టాల్సింది మీరు కాదు, కేంద్రం తరఫున నేను. కేంద్రాలకు వాడకం హద్దు కూడా లేదు.”

అంతలో నిచ్చెన మోసుకుంటూ లైన్‌మన్ వచ్చి, స్తంభానికి ఆనించి ఎక్కడం మొదలెట్టాడు. మిషనమ్మ నిచ్చెన దగ్గరికి పరుగెత్తింది.

“అన్నా, ఆగన్నా! లోపల మా మామయ్యకి ఆ మిషనే ఊపిరి!”

“నేనేం చెయ్యనమ్మా? సహాయ కేంద్రం ముద్ర చూపిస్తే దిగుతా. లేదంటే తీగ పీకడమే నా పని.”

గుమాస్తా గబగబా దరఖాస్తు రాశాడు. ముద్ర ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నా దరఖాస్తుకి నేనే ముద్ర వేసుకోకూడదమ్మా.”

“మనిషి ప్రాణం పోతుంటే రూలేంటి సార్?”

“రూలు తప్పితే ముద్ర చెల్లదు. ఈ కుర్చీలో ఇంకెవరైనా కూర్చోవాలి.”

వరుసలో జనమంతా దూరం దూరంగా నిలబడి వేడుక చూస్తున్నారే గానీ ఒక్కరూ కదల్లేదు. మిషనమ్మే చటుక్కున వెళ్ళి కూర్చుంది.

గుమాస్తా బల్లకు ఇవతలికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. “మా పరిస్థితి ఏం బాగాలేదమ్మా. మైకు ఇచ్చారు గానీ కరెంటుకి డబ్బులివ్వలేదు,” అన్నాడు. గొంతు వణికింది. బల్లకు ఇవతల నిలబడితే ఎవరి గొంతైనా అంతే.

“ఇంత కరెంటు ఏం చేశారు?” అంది మిషనమ్మ. అడగాలని కాదు, ఆ కుర్చీలో కూర్చుంటే నోటికి అదే వచ్చింది.

ఆవిడ ముద్ర తీసుకుని ఠక్కున గుద్దింది.

లైన్‌మన్ దిగొచ్చి కాగితం చూశాడు. ముద్ర చూశాడు గానీ, వేసిందెవరో అడగలేదు. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి మామగారి మిషను చప్పుడు వినిపిస్తుంటే మిషనమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

“ఇక లేవండమ్మా,” అన్నాడు గుమాస్తా.

ఆవిడ కళ్ళు తుడుచుకుని వీధి వైపు చూసింది. అవతలి చివరిదాకా మనుషులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముద్రను ఒళ్ళోకి లాక్కుంది.

“పక్కకు జరగండి సార్,” అంది. “తర్వాత ఎవరండీ?”