తువ్వాల వేసిన కుర్చీ

నిజామాబాద్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక పిచ్చి ఉంది. మేం చదువుకునే గ్రంథాలయంలో కిటికీ పక్కన, ఫ్యాను కింద ఒక కుర్చీ. అందులో కూర్చున్న ముగ్గురికి వరసగా నౌకరీలు వచ్చాయట. అప్పటినుంచి ఒకే అద్దె గదిలో ఉండే మగపిల్లలు దాన్ని వారసత్వంగా ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. ఇప్పుడు సాయికుమార్ వంతు. ఎనిమిదింటికి తలుపు తీయగానే దాని మీద తువ్వాల వేసి పోతాడు, పదకొండుకు తీరిగ్గా వస్తాడు.

నాకు దొరికేది ఆ పూటే. పన్నెండుకల్లా జిరాక్స్ సెంటర్లో పనికెక్కాలి. ఇంట్లో ఒక్కటే గది, అందులోనే అన్న పిల్లలు, టీవీ. వయసు లెక్కన ఇదే నా ఆఖరి పరీక్ష, ఇంకా నలభై రోజులుంది. మిగతా కుర్చీలు నిండిపోవడంతో నాలుగు రోజులు బీరువాకు ఆనుకుని నిలబడి చదివాను. కాళ్లు వాచాయి. ఎదురుగా తువ్వాల మాత్రం హాయిగా ఫ్యాను గాలి తింటోంది.

ఐదో రోజు దాన్ని మడిచి బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

పదకొండుకు సాయికుమార్ వచ్చాడు. "రజినక్కా, గా కుర్చీ నా సీటు."

"తువ్వాల నీది. కుర్చీ సర్కారుది."

"ముగ్గురికి నౌకరీలొచ్చిన కుర్చీ అక్కా. ఎవలు పడితే వాళ్లు కూసుంటే దాని బర్కత్ పోతది, ఇగ కలిసిరాదు."

"ఆ ముగ్గురు సదివిండ్రు, అచ్చినయ్. నువ్వు టీ కొట్టుకాడ ఉంటవు, ఈడ తువ్వాల సదువుతది. నౌకరీ దానికే అస్తది తియ్యి."

గదంతా నవ్వింది. నేను లేవలేదు.

మర్నాడు తలుపు తీసేసరికి ఆ కుర్చీ బల్ల కిందికి నెట్టి, సైకిల్ గొలుసుతో బల్ల కాలికి కట్టి, తాళం వేసి ఉంది.

ఒళ్లు మండిపోయింది. నేరుగా రెండు సందుల అవతలున్న మా చర్చికి నడిచాను. అక్కడ ఊడ్చేది మా అమ్మ శారమ్మే. సంగతి విని, పాస్టరయ్యను అడిగి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిచ్చింది.

"ఆయితారం ప్రార్థనకు కావాలె, పొద్దుగాల్ల తెచ్చి పెట్టు బిడ్డా," అంది.

కుర్చీ నెత్తిన పెట్టుకుని కోచింగ్ సెంటర్ల వీధిలోంచి వస్తుంటే టీ కొట్ల దగ్గర గుంపులు నవ్వాయి. నవ్వనీ అనుకున్నాను. తెచ్చి ఫ్యాను కింద వేశాను.

అటెండర్ ఆత్మారాం పరుగున వచ్చాడు. "బయటి కుర్చీలు తేవద్దు బిడ్డా. రూల్ లేదు."

"బయటి తువ్వాలకు ఉన్నదా రూలు? బయటి గొలుసుకు ఉన్నదా? ముందు గా గొలుసు తియ్యి, నేను గీ కుర్చీ తీస్త."

ఆయన గొలుసు వంక చూశాడు, నా వంక చూశాడు, పోయి పేపరు విప్పుకున్నాడు.

పదకొండుకు సాయికుమార్ అందరూ చూస్తుండగా తాళం తీసి, తన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. ముగ్గురి అదృష్టం అతనికే ఉంది. గాలి మాత్రం నాకొచ్చింది.

పావు తక్కువ పన్నెండుకు లేచాను. నేను నిలబడ్డ చోటే, బీరువాకు ఆనుకుని, వేల్పూర్ నుంచి బస్సులో వచ్చే అఖిల నిలబడి చదువుతోంది. పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను.

"నేను పొయ్యేటప్పుడు రేపటికి నీ పేరు మీద చున్నీ ఏసి పోనా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"అద్దు. ఎవలు నిలవడి ఉంటే వాళ్లను కూసోవెట్టి పో. రేపు నేను ముందే అస్త."