తట్టని చెయ్యి

ఓరిన్ సెడ్లాచెక్ పెళ్లినాడు కూడా కారు రేసు మానలేదు. పొద్దున పదకొండింటికి చర్చిలో ఉంగరాలు మార్చుకున్నారు. మధ్యాహ్నం హాల్లో బాతు వేపుడూ, డంప్లింగులూ, గసగసాలు పెట్టిన కోలాచీ తీపి రొట్టెలూ కడుపునిండా తిన్నారు. నాలుగింటికల్లా మిలోవిట్స్ ఊరి మట్టి ట్రాక్ దగ్గర ట్రైలర్ మీది నుంచి కారు దించాడు. పెళ్లికూతురు ఆర్డిస్ తెల్లగౌనుతోనే వచ్చి కంచె పక్కన నిలబడింది.

"చెల్లాయ్, ఇంకా టైముంది. నాతో ఇంటికొచ్చెయ్. వీడు నీకంటే ఆ డొక్కు కారునే ఎక్కువ చూసుకుంటాడు" అన్నాడు ఆమె అన్నయ్య డువేన్ పవెల్కా, హెల్మెట్ చంకలో పెట్టుకుని.

"నీ కారు సంగతి చూసుకో అన్నయ్యా. ఇవాళ మా ఆయన చేతిలో ఓడి ఏడవకు."

"మా ఆయనంట! ఐదు గంటలు కాలేదు, అప్పుడే మా ఆయన!"

ఆ రోజు డువేన్ గెలిచాడు. ఓరిన్ నాలుగోవాడుగా వచ్చాడు. మలుపులో టైర్లు ఎగజిమ్మిన మట్టిబెడ్డలు కంచె దాటి వచ్చి ఆర్డిస్ గౌను నిండా నల్లచుక్కలు పెట్టాయి. రేసయ్యాక ఓరిన్ ఆమె గడ్డం మీద ఎండిన మట్టిని గోటితో గీరుతుంటే, ఆమె అతని చెవిలో మట్టిని చిటికెనవేలితో తీసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఫోటోలు తీసేవాడు చర్చి దగ్గర తీసినవాటి కన్నా అప్పుడు తీసిన ఫోటోయే బాగా వచ్చిందన్నాడు.

వారమంతా ఓరిన్ ధాన్యం గోదాములో బెల్టులు బాగుచేసేవాడు. శుక్రవారం సాయంత్రం రేసు. శనివారం పొద్దున్నే ఇద్దరూ చెప్పుల్లేకుండా పెరట్లో నిలబడి గొట్టంతో కారు కడిగేవారు. మట్టినీళ్లు గడ్డిమీద పాయలుగా పారుతుంటే ఆర్డిస్ కాలితో దారి మళ్లించేది. కారు తలుపు మీద ఇరవై ఏడు అంకె ఆమే కుంచెతో వేసేది. ఏడు ప్రతిసారీ కొంచెం ముందుకు వాలేది. "దానికి కూడా తొందరే" అనేవాడు ఓరిన్. ఫ్లాస్కులో కాఫీ, ఒక కోలాచీ ఇద్దరికి సగం సగం. అంతకంటే మించిన వైభోగం ఉంటుందని ఆ రోజుల్లో ఇద్దరికీ తోచేది కాదు.

మిలోవిట్స్‌లో ఒక పద్ధతి ఉంది. రేసులో ఒకడి కారు గిర్రున తిరిగి ఆగిపోతే పసుపు జెండా ఊపుతారు, అందరూ నెమ్మదిస్తారు. ఆగిన కారు వరస చివరికి పోవాలి. అయితే వెనక నుంచి గుద్ది తిప్పినవాడు, జెండా ఊపే మనిషి నిలబడే మంచె కిందకి వచ్చినప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పైకప్పు మీద రెండుసార్లు తట్టితే, తప్పు నాది అని ఒప్పుకున్నట్టు. అప్పుడు తట్టినవాడు చివరికి పోతాడు, తిరిగినవాడికి తన చోటు తనకొస్తుంది. జెండా మనిషి అడగకూడదు. ఎవరూ అడగకూడదు. ఎవడంతట వాడు తట్టాలి. డువేన్ ఎన్నోసార్లు తట్టాడు. ఓరిన్ కూడా, ఆ ఒక్కరోజు తప్ప.

అది తొంభై రెండో సంవత్సరం, సెప్టెంబరులో కౌంటీ తిరునాళ్లు. పట్టపగలు రేసు. ఆ రోజు ఎవరు ముందొస్తే ఆ ఏటి ఛాంపియన్‌షిప్ వాళ్లదే. బావాబావమరుదుల మధ్యే పోటీ. అదికాక, ఐయోవా రాష్ట్రం నుంచి పెద్ద రేసుల జట్టు యజమాని ఒకాయన వచ్చి స్టాండులో కూర్చున్నాడు. ఛాంపియన్‌ని వచ్చే వేసవికి తన కారులో కూర్చోబెడతానని ముందే చెప్పాడు. ఆర్డిస్‌కి ఏడో నెల. తండ్రి బోహుమిల్ పక్కన కూర్చుని నిమ్మరసం తాగుతోంది.

ఇంకా మూడు చుట్లే మిగిలాయి. డువేన్ ముందు, ఓరిన్ వెనక. మూడో మలుపులో ఓరిన్ లోపలి వైపుకి అవసరమైన దానికంటే వేగంగా దిగాడు. కావాలని కాదు, ఆశ ఎక్కువై. అతని ముందు బంపరు డువేన్ వెనక చక్రానికి తగిలింది. ఆ దెబ్బ అతని మోచేతుల దాకా తెలిసింది. డువేన్ కారు గిర్రున తిరిగి వెనక్కి మొహం పెట్టి ఆగిపోయింది.

పసుపు జెండా లేచింది. ఓరిన్ నెమ్మదిగా మంచె కిందకి వచ్చాడు. అప్పట్లో జెండా మనిషి ముసలి అంబ్రోజ్. ఆయన కమ్మీ మీద నుంచి వంగి ఓరిన్ వైపే చూశాడు. ఓరిన్ కుడిచెయ్యి స్టీరింగ్ మీదే ఉంది, ఎడమచెయ్యి పైకి లేచింది. స్టాండులో సగంమంది తట్టబోతున్నాడనే అనుకున్నారు. అతనూ అనుకున్నాడు. ఆ చెయ్యి హెల్మెట్ దగ్గర ఆగింది. అద్దం మీద మట్టి పట్టిన ప్లాస్టిక్ పొర ఒకటి చింపి బయట పారేసి మళ్లీ స్టీరింగ్ మీదికి వచ్చింది. అంతే. కారు మంచె దాటిపోయింది.

డువేన్ వరస చివరికి వెళ్లి, పసుపు జెండా దిగకముందే కారుని ట్రాక్ నుంచి తప్పించేశాడు. ఓరిన్ ఛాంపియనయ్యాడు.

రేసయ్యాక ఓరిన్ ట్రోఫీ పట్టుకుని ట్రైలర్ల దగ్గరికి వచ్చాడు. ఎదురుగా బోహుమిల్ మొహం కందగడ్డలా చేసుకుని, చేతిలో జాకీ రాడ్‌తో వస్తున్నాడు. ఇంతలో డువేన్ తన ట్రైలర్ వెనక నుంచి వచ్చి, విరిగిన ఇనప రాడ్ ఒకటి అందరికీ కనబడేలా ఎత్తి చూపించాడు.

"స్టీరింగ్ రాడ్ విరిగింది నాన్నా! మలుపులోనే పట్టుతప్పింది. బావ పాపం తప్పించబోయాడు."

బోహుమిల్ ఆ రాడ్‌ని అటూఇటూ తిప్పిచూసి, "నీకెన్నిసార్లు చెప్పాను, పాత సామాను వాడొద్దని" అని కొడుకునే నాలుగు తిట్టి వెళ్లిపోయాడు.

ఓరిన్ ఊపిరి పీల్చుకున్నాడు. ముందు రాడ్ విరిగి ఉంటుంది, తర్వాతే నేను తగిలి ఉంటాను అని ఆ రాత్రి తనకు తాను చెప్పుకున్నాడు. మోచేతులు మాత్రం ఒప్పుకోలేదు.

మరుసటి వేసవి ఐయోవా కారులో పదకొండు రేసులు నడిపాడు. ఎక్కడా పదో స్థానం దాటి ముందుకు రాలేదు. పెద్ద ట్రాకుల్లో మట్టి వేరు, కార్లు వేరు, మనుషులు వేరు. యజమాని మర్యాదస్థుడు, బస్సు టికెట్టు కొనిచ్చి పంపాడు. బస్సు దిగేసరికి ఆర్డిస్ బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. "వచ్చేశావా! హమ్మయ్య, గడ్డి ఎవరు కోస్తారా అనుకుంటున్నా" అంది. ఆ మాటకి అతను నవ్వాడు గాని, ఆ సీటు డువేన్‌దని, డువేనైతే నిలబడేవాడని దారంతా అనుకుంటూనే వచ్చాడు.

డువేన్ మరో ఏడాది నడిపి కారు వదిలేశాడు. అంబ్రోజ్ మోకాళ్లు పనిచేయటం మానేశాక జెండాలు అతనికిచ్చారు. అప్పటి నుంచి ఓరిన్ గెలిచిన ప్రతి రేసుకీ గెలుపు చూపే గళ్ల జెండా ఊపింది బావే. మొత్తం ఎనిమిది ఛాంపియన్‌షిప్‌లు. పండగలకి ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు, జోకులు వేసుకునేవారు. ఇద్దరే మిగిలే వేళకి మాత్రం ఓరిన్‌కి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

ముప్పై ఒక్కేళ్లు గడిచాయి. ఓరిన్‌కి నడుము నొప్పి ముదిరి డాక్టరు ఇక రేసులు చాలన్నాడు. ట్రాక్ వాళ్లు గేటు దగ్గర బోర్డు మీద ఓరిన్ పేరు చెక్కించి, తిరునాళ్ల రోజు సాయంత్రం ఆరింటికి సన్మానం పెట్టారు. నాలుగు మాటలు మాట్లాడాలన్నారు. ఆర్డిస్ కాగితం మీద రాసిచ్చింది. అందులో లేని మాట ఒకటి అతను మనసులో రాసుకున్నాడు. అందరి ముందూ చెప్పేయాలి. ముందుగా డువేన్‌కి చెప్పి, తర్వాత మైకులో.

మధ్యాహ్నం వెళ్లేసరికి డువేన్ మంచె కింద పికప్ బండి వెనక రెక్క దించుకుని, చిరిగిన జెండాలకి కొత్త గుడ్డ వేస్తున్నాడు.

"ఏంటి బావా, పెళ్లికొడుకువి అప్పుడే తయారయ్యావ్. చొక్కా ఇస్త్రీ కూడానా! మా చెల్లెలితో పెళ్లినాడు కూడా నీలో ఇంత శ్రద్ధ చూడలేదే."

"నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. ముందీ కొస పట్టుకో, బిగించి."

ఓరిన్ పసుపుగుడ్డ కొస పట్టుకున్నాడు. డువేన్ కర్రకి టకటకా పిన్నులు కొట్టసాగాడు.

"తొంభై రెండు తిరునాళ్ల రేసు... నేను గుద్దాను బావా. నీ రాడ్ తర్వాత విరిగింది. ముందు నేను తగిలాను. తట్టాల్సింది, తట్టలేదు. ఇవాళ మైకులో చెప్పేస్తాను."

డువేన్ మరో రెండు పిన్నులు కొట్టాడు. "రాడ్ విరగటమేంటి? దాన్ని విరగ్గొట్టింది నేను."

"ఏంటీ?"

"ట్రైలర్ వెనకాల, సుత్తి పెట్టి. మూడు దెబ్బలకి విరిగింది, గట్టి సామానే. నాన్న జాకీ రాడ్ పట్టుకుని నీ మీదికొస్తున్నాడు. చెల్లెలికి ఏడో నెల. ఏం చెయ్యమంటావ్?"

ఓరిన్ చేతిలో గుడ్డ వదులైంది.

"బిగించి పట్టుకో బావా, ముడతలొస్తున్నాయి."

"తెలిసీ ఇన్నేళ్లు అడగలేదేం?"

"అడిగి తట్టించుకుంటారా ఎక్కడైనా? అడిగితే అది తట్టినట్టా?" డువేన్ తలెత్తలేదు. "ఆ ఆదివారం అమ్మ నీకిష్టమని బాతు వండింది. తలుపు వైపే చూస్తూ కూర్చున్నా. వస్తే వీపు మీద ఒక్కటిచ్చి ఊరుకునేవాణ్ణి. కార్బ్యురేటర్ పనుందని ఆర్డిస్ ఒక్కదాన్నే పంపావ్. క్రిస్మస్ దాకా చూశా. తర్వాత అలవాటైపోయింది."

"ఆ ఐయోవా సీటు..."

డువేన్ చేతులు మొదటిసారి ఆగాయి. "దాని సంగతి ఎత్తకు." గుడ్డ అంచు మళ్లీ మడిచాడు. "నేనైనా పదకొండు రేసులకే తిరిగొచ్చేవాణ్ణేమో. గెలిచేవాణ్ణేమో. తెలీదు. అది తెలీకపోవటమే, బావా..." మిగతాది అనకుండా పిన్ను కొట్టాడు. అది వంకరగా దిగింది. పీకి పారేసి ఇంకోటి కొట్టాడు.

"అందుకే చెప్తానంటున్నా. అందరి ముందూ."

"వద్దు."

"బావా..."

"వద్దన్నాగా. నాన్న ఆ రాడ్ మాట నమ్మే పోయాడు. ఆర్డిస్ ఇంకా నమ్ముతోంది. ముప్పై ఏళ్లుగా ఆ మంచెక్కి ఎవడు నిజాయితీపరుడో ఎవడు కాదో నేను చెప్తున్నా. మొదటి అబద్ధం నాదేనని తెలిస్తే రేపు ఏ కుర్రాడు నా మాట వింటాడు? నువ్వు చెప్పేస్తే నీ గుండె తేలికవుతుంది, బాగుంది. నేనేమవ్వాలి?"

ఓరిన్ గుడ్డ కొస మళ్లీ బిగించి పట్టుకున్నాడు. ఆ రోజు తట్టి ఉంటే పోయేది ఒక రేసు. ఇప్పుడు తట్టడానికి కూడా బావకి మిగిలిన మంచి పేరే తీసుకోవాలి.

"ఆ ఎర్రజెండా అందుకో" అన్నాడు డువేన్. "దాని కొస కూడా పట్టుకుని వెళ్దువుగాని."

ఆరింటికి ఎండ ఇంకా పచ్చగానే ఉంది. స్టాండు నిండిపోయింది. వేగిన ఉల్లిపాయల వాసన, తడిపిన మట్టి వాసన కలిసి వస్తున్నాయి. ట్రాక్ మధ్యలో నిలిపిన లారీ మీదికి ఓరిన్‌ని ఎక్కించి మైకిచ్చారు. పక్కనే ఆర్డిస్, కొత్త నీలం గౌనులో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సంతోషంగా ఉంది. మంచె మీద డువేన్, చేతిలో చుట్టిన జెండాలు.

ఓరిన్ కాగితం తీసి చదివాడు. గోదాములో పనిచ్చినవాళ్లకి, టైర్లు మోసినవాళ్లకి, ఆర్డిస్‌కి కృతజ్ఞతలు. కాగితం అయిపోయింది. అతను మైకు వదల్లేదు. మంచె వైపు చూశాడు. డువేన్ తల అడ్డంగా, కొద్దిగా, చాలా కొద్దిగా ఊపాడు.

"తొంభై రెండులో నాకు మొదటి ఛాంపియన్‌షిప్ వచ్చింది" అన్నాడు ఓరిన్. "ఆ ఏడు అందరికంటే బాగా నడిపింది మా బావ డువేన్. అది రావాల్సింది అతనికి. నాకు కాదు."

పైవరసలోంచి ఎవరో పెద్దాయన అరిచాడు. "మరి ఆ పాత రాడ్ మార్చుకోవాల్సింది!"

స్టాండంతా గొల్లుమంది. నవ్వు చప్పట్లలోకి మారి చాలాసేపు ఆగలేదు. అందరూ లేచి నిలబడ్డారు. గెలిచి కూడా ఎంత అణకువ చూడండి అని మైకులో వ్యాఖ్యాత అన్నాడు. డువేన్ కూడా నవ్వి, ఆ పెద్దాయన వైపు చెయ్యెత్తి ఊపి, తర్వాత జెండాల పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు వంగాడు. తర్వాతి రేసుకి కార్లు వచ్చేదాకా లేవలేదు.

లారీ దిగుతుంటే ఆర్డిస్ ఓరిన్ చెయ్యి పట్టుకుని దించింది. ఆమె కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"కాగితంలో లేనిది చెప్పావే! అన్నయ్య పేరు ఎత్తావు చూడు, అది నాకెంత బాగుందో. నేనే రాయాల్సింది, తట్టలేదు."

"నిజమే చెప్పాను ఆర్డిస్."

"తెలుసులేవయ్యా" అని ఆమె అతని చొక్కా కాలరు సరిచేసింది. "అయినా మరీ అంత తగ్గించుకోకూడదు. అన్నయ్య ఇబ్బందిపడ్డాడు, చూశావా?"

"చూశాను" అన్నాడు ఓరిన్.